లండన్‌లో బంగారు దోమ

లండన్ వెళ్లొచ్చిన వాళ్లని మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'బిగ్‌బెన్ చూశారా?' అని. రెండోది 'కోహినూర్ చూశారా?' మూడోది 'చలి ఎలా ఉంది?'

మేం వెళ్లొచ్చి రెండు నెలలైంది. పొద్దున్నే మారేడ్‌పల్లిలో నాతోపాటు నడకకొచ్చే మిత్రులకి ఈ మూడింటికీ జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. నేను చూసిన దోమ గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. అడక్కుండా చెబితే 'లండన్ దాకా వెళ్లి దోమని చూసొచ్చావా?' అని నవ్వుతారు. ఇక్కడైతే మీరు నవ్వినా నాకు వినబడదు. అదీగాక ఆగస్టు 20 దగ్గరకొచ్చింది. ఆ తేదీకీ దోమకీ సంబంధం ఏమిటో కాసేపట్లో చెబుతాను.

మా అమ్మాయి వాళ్లు లండన్‌లో కాపురం పెట్టి ఎనిమిదేళ్లు. 'ఈ వేసవికైనా రండి' అని పోరుపెట్టగా పెట్టగా, మే నెల చివర్లో బయల్దేరాం. మా ఆవిడ సామానులో ఆవకాయ రెండు కిలోలు, కందిపొడి, అప్పడాలు, మనవడికి సున్నుండలు. నా సామానులో మోకాలి పట్టీ, ఒక నోటు పుస్తకం. మనవడికి తొమ్మిదేళ్లు. తెలుగు బాగానే మాట్లాడతాడు, కాకపోతే ప్రతి వాక్యం చివరా ఇంగ్లీషు వాడిలా కాస్త పైకి లేపుతాడు.

మొదటి రెండు రోజులూ అందరూ చూసేవే చూశాం. బిగ్‌బెన్ అనేది గోపురం పేరు కాదట, లోపలున్న గంట పేరట. గోపురాన్ని 2012 నుంచి ఎలిజబెత్ టవర్ అంటున్నారు. ఎత్తు 96 మీటర్లు. కింద నిలబడి మెడ వెనక్కి వాల్చి చూస్తుంటే, నాకు మాత్రం మా సికింద్రాబాద్ గడియార స్తంభమే గుర్తొచ్చింది. అదీ ఆ తెల్లవాళ్ల కాలందే, 1897లో ప్రారంభమైంది. మా ఆవిడ ఊరుకోకుండా 'మన గడియారం ఆగిపోతే ఎవరైనా చూస్తారా, ఇక్కడ చూడండి, ఎంతమంది ఫొటోలు తీసుకుంటున్నారో' అంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నిజమే.

అక్కడి నుంచి రాణిగారి బంగళా, అంటే ఇప్పుడు రాజుగారి బంగళా. దాని పక్కన సెయింట్ జేమ్స్ పార్కు. అందులో చెరువు, చెరువులో పెలికాన్ పక్షులు. మనం గూడబాతులంటామే, అవే. 1664లో రష్యా రాయబారి బహుమానంగా ఇచ్చిన పక్షులతో మొదలై, ఇప్పటికీ అక్కడ పెంచుతున్నారు. మన నేలపట్టులో ఏటా వేలకొద్దీ వాలతాయి గూడబాతులు. నెల్లూరు జిల్లాలో పాతికేళ్ల కిందట ఏడాదిన్నర ఉద్యోగం చేశాను. నేలపట్టు ఒక్కసారీ వెళ్లలేదు. అప్పుడీ ఆలోచన రాలేదు, వచ్చింది తర్వాత రెండ్రోజులకి.

మూడోరోజు టవర్ ఆఫ్ లండన్. టికెట్టు మనిషికి మూడువేల రూపాయల పైమాటే. లండన్‌లో మొదటివారం ప్రతి పౌనునీ రూపాయల్లోకి మార్చుకుంటూ బాధపడతాం. రెండోవారం నుంచి మార్చడం మానేసి బాధపడతాం. లోపల రాజకిరీటాల గది ముందు పెద్ద క్యూ. తీరా కిరీటాల దగ్గరకొచ్చేసరికి కాళ్ల కింద నేలే కదులుతుంది! నిలబడితే చాలు, అదే మనల్ని అద్దాల ముందు నుంచి జరుపుకుంటూ పోతుంది. తిరుమలలో 'జరగండి, జరగండి' అని భుజం పట్టి పంపేస్తారు చూశారూ, అదే పనిని ఇక్కడ యంత్రానికి అప్పజెప్పారు. మా ఆవిడ అలవాటుకొద్దీ చేతులు జోడించింది కూడా.

కోహినూర్ ఉన్నది 1937లో అప్పటి రాణిగారికి చేయించిన కిరీటంలో. చూసినంతసేపూ పట్టుమని పది సెకన్లు లేదు. ఇప్పుడు దాని తూకం 105 క్యారెట్ల పైచిలుకు. లాహోర్ నుంచి వచ్చినప్పుడు 186. పదేళ్ల పిల్లవాడు దులీప్ సింగ్ దగ్గర 1849లో పంజాబుతోపాటు ఈ వజ్రాన్నీ తీసుకుని, మరుసటి ఏడాది విక్టోరియా రాణికి సమర్పించారు. 1851లో హైడ్ పార్కులో గాజు మేడ కట్టి పెద్ద ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు జనం దీన్ని చూడ్డానికి విరగబడ్డారు. చూసి పెదవి విరిచారు. మెరవడంలేదన్నారు! దాంతో మర్నాటి ఏడాది పట్టుబట్టి కొత్తగా సాన పట్టించారు. మెరుపు వచ్చింది, దాదాపు సగం బరువు పోయింది.

ఈ సంగతంతా ఆ సాయంత్రం అదే హైడ్ పార్కులో గడ్డి మీద దుప్పటి పరుచుకుని, పులిహోర తింటూ మనవడికి చెప్పాను. వజ్రం గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గనిలో దొరికిందని ప్రతీతి అనీ, కొల్లూరు కృష్ణ ఒడ్డున ఉండేదనీ, ఇప్పుడు ఆ చోటు పులిచింతల ప్రాజెక్టు నీళ్లకింద ఉందనీ చెప్పాను.

'నువ్వు చూశావా తాతయ్యా, నీళ్లు రాకముందు?' అన్నాడు.

'లేదురా' అన్నాను. పులిహోర బాగుందన్నాను. మాట మార్చాను.

అసలు కథ నాలుగోరోజున. వాడి బళ్లో సెలవులకి ఓ పని ఇచ్చారు. బ్రిటిష్ మ్యూజియంలో ఏదో ఒక వస్తువు ఎంచుకుని బొమ్మ వేయాలి. అది ఎక్కడిదో, అక్కడికెలా వచ్చిందో నాలుగు ముక్కలు రాయాలి. వాడి స్నేహితులంతా ఈజిప్టు మమ్మీలని ముందే పంచేసుకున్నారట. 'మమ్మీ నాకు రాలేదు' అని వాడి దిగులు. 'నేను చూపిస్తా పద, నీ స్నేహితులెవరూ వేయనిది' అని ధైర్యం చెప్పాను.

ఆ మ్యూజియంకి ప్రవేశ రుసుము లేదు. ఆ మాట వినగానే మా ఆవిడకి లండన్ మీద సగం కోపం తగ్గింది. 33వ నంబరు గది చాలా పొడుగు, ఒక కొస నుంచి చైనా, మరో కొస నుంచి మన దేశం. మన కొసన అద్దాల గోడ వెనక ఇంకో గది, 33ఎ. తలుపు తోసుకుని వెళ్లామో లేదో, నా నోట మాట రాలేదు.

అమరావతి. మన గుంటూరు దగ్గరి అమరావతి. గోడ పొడవునా తెల్లని పలకలు. పద్మాలు, సింహాలు, ఏనుగులు, దండలు మోస్తున్న మనుషులు, బుద్ధుడి పాదాలు. ఫొటోల్లో ఎన్నిసార్లు చూశానో. ఎదురుగా నిలబడితే వేరు. ఒక స్త్రీ నడుం ఒంపు, ఒక పిల్లవాడి బుగ్గ, పక్కకి తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్న ఒక మొహం చూస్తుంటే, ఎక్కడో చూసినట్టే ఉంది. గుంటూరు ప్లాట్‌ఫారం మీద చూసినట్టు! దీన్ని పాలరాయి అని రాసేవాళ్లున్నారు గానీ, కాదు. పల్నాటి సున్నపురాయి. మెత్తగా ఉంటుంది, అందుకే అంత సన్నగా చెక్కగలిగారు. అందుకే తేలిగ్గా పాడవుతుంది కూడా. దానికోసమే ఆ గదిలో గాలినీ తేమనీ అదుపులో ఉంచుతారు.

మనవడు ఒక పలక ముందు కూర్చుండిపోయాడు. దానికి రెండు వైపులా చెక్కడమే. ఒక వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. ఇది క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంది. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించని రోజులవి. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకి ఎవరో ఆ పలకనే తిప్పి, వెనకవైపు ఏకంగా మొత్తం స్తూపాన్నే చెక్కారు. గుమ్మటం, ముందు సింహాలు, అయిదేసి స్తంభాలు, పైన ఎగిరే దేవతలు. ఇప్పుడు అసలు స్తూపం ఎలా ఉండేదో మనకి తెలిసేది ఇలాంటి పలకల వల్లే. 'అంటే రఫ్ బుక్ లాగా వెనక పేజీ వాడుకున్నారన్నమాట' అన్నాడు వాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

బొమ్మ వేస్తూ అడగాల్సినవన్నీ అడిగాడు. ఇక్కడికెలా వచ్చాయి? దొంగిలించారా?

ఏం చెప్పను? 'అవును, తెల్లవాళ్లు ఎత్తుకొచ్చారు' అనేస్తే ఒక్క ముక్కలో అయిపోతుంది. ఈ శీర్షికలో నేనే కోహినూర్ గురించి అలా రాసి చప్పట్లు కొట్టించుకున్న రోజులున్నాయి. కానీ వాడు రాసుకుంటున్నాడు. రాసుకునేవాడికి అబద్ధం చెప్పకూడదు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను.

వందల ఏళ్లు ఆ స్తూపం మట్టిదిబ్బయిపోయి ఉంది. ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అనేవారు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ కొత్త పట్నం కట్టిస్తూ, రాయి కోసం దిబ్బని తవ్వించారు. రాయి దొరికింది. కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. సున్నపురాయి కదా! మెకంజీ అనే సర్వే అధికారి 1797 ప్రాంతంలో ఒకసారి చూసి, 1816లో మళ్లీ వచ్చేసరికి నడిమధ్యన చెరువులా గొయ్యి ఉంది. ఆయన మిగిలిన రాళ్లకి బొమ్మలు గీయించాడు. అందులో కొన్నిటికి ఇప్పుడు ఆ బొమ్మలే మిగిలాయి, రాళ్లు లేవు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి, పలకలని మద్రాసు పంపించాడు. అక్కడ అవి ఏళ్లతరబడి ఎండకీ వానకీ పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కించి లండన్ తెచ్చారు. తెచ్చి ఏం చేశారు? ఒక బంగళాలో గుర్రపుబళ్లు పెట్టే కొట్టంలో పడేశారు! ఫెర్గూసన్ అనే పండితుడి కంట 1860ల్లో పడకపోతే ఇంకెన్నాళ్లుండేవో. 1880లో ఈ మ్యూజియంకి చేరాయి. అయినా, ఇంతకంటే ఎక్కువ పలకలు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని అమరావతిలోనే ఉన్నాయి.

'అయితే ముందు పగలగొట్టింది మనవాళ్లు, తర్వాత పట్టించుకోనిది వాళ్లు' అని రాసుకున్నాడు. పెన్సిల్ ఆపి, 'అమరావతిలో ఉన్నవి ఎలా ఉంటాయి?' అన్నాడు.

రైల్వేలో ముప్పై నాలుగేళ్లు చేశాను. గుంటూరు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. గుంటూరు నుంచి అమరావతి గట్టిగా ముప్పై అయిదు కిలోమీటర్లు. మా పెద్దత్తగారి ఊరు ఆ దారిలోనే. పెళ్లిళ్లకి వెళ్లాను, తద్దినాలకి వెళ్లాను.

'నేను చూళ్లేదురా' అన్నాను.

మా ఆవిడ నా వైపు చూడలేదు. అదొక మర్యాద.

ఇంతసేపూ దోమ ఏదని అడుగుతున్నారు కదా, వస్తున్నాను. మ్యూజియం వెనక గేటు నుంచి బయటపడి పది నిమిషాలు నడిస్తే కెపెల్ స్ట్రీట్. అక్కడ 1929లో కట్టిన తెల్లటి పెద్ద భవనం, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్. కాఫీ కోసం వెతుక్కుంటూ ఆ దారిన వెళ్లాం. మనవడే ముందు చూశాడు. 'తాతయ్యా, దోమ!'

కిటికీల ముందున్న చిన్న చిన్న బాల్కనీలకి జంతువులని తగిలించారు, బంగారు పూతతో. ఎలుక, పాము, గోమారి, నల్లి జాతివి. రోగాలు మోసేవన్నీ. వాటిలో కాళ్లు చాపుకుని నిగనిగలాడుతూ ఒక దోమ. గోడ పైభాగాన చుట్టూరా వైద్యశాస్త్ర మహామహుల పేర్లు. కట్టినప్పుడు ఇరవై మూడు, 2019లో మరో ముగ్గురు స్త్రీల పేర్లు చేర్చారు. చదువుకుంటూ వస్తుంటే ఒకచోట రాస్ అని ఉంది.

మన రాస్! సికింద్రాబాద్ రాస్!

కొత్తతరం పాఠకుల కోసం నాలుగు ముక్కలు. సర్ రొనాల్డ్ రాస్ పుట్టింది ఆల్మోరాలో, 1857లో. సైన్యంలో డాక్టరు. సికింద్రాబాద్‌లో పనిచేస్తూ బేగంపేటలో కూర్చుని దోమలని కోశాడు. మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని లోకం నమ్ముతున్న రోజులు. ఆగస్టు ఉక్క. పంకా లాగించుకుందామంటే కోసిన దోమలు ఎగిరిపోతాయి. చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. అలా కూర్చుని 1897 ఆగస్టు 20న, అనాఫిలస్ జాతి దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. తర్వాతి ఏడాది కలకత్తాలో పక్షుల మీద ప్రయోగాలు చేసి మిగతా కథ పూర్తిచేశాడు. 1902లో నోబెల్ బహుమతి. ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా చెప్పుకునేది మన ఊరి వల్లే.

ఆ దోమలు కుట్టింది ఎవరిని? హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున రాస్ డబ్బిచ్చాడు. అంటే దోమలతో కుట్టించుకోవడమే ఆ రోజున ఆయన ఉద్యోగం. ఎనిమిది దోమలకి అర్ధరూపాయి. ఆ రక్తంలోంచి వచ్చిన క్రిమే దోమ పొట్టలో దొరికింది. కెపెల్ స్ట్రీట్ గోడ మీద ఆయన పేరు లేదు. మెడ నొప్పిపుట్టేదాకా మొత్తం చుట్టూ తిరిగి చూశాను. ఉంటుందని కాదు.

మనవడు బళ్లో ఇచ్చిన కాగితం వెనకవైపు, ఆ స్తూపం శిల్పిలాగే, దోమ బొమ్మ కూడా వేశాడు. కింద 'హుసేన్ ఖాన్' అని రాశాడు. అడిగి స్పెల్లింగ్ చెప్పించుకున్నాడు.

ఆ భవనానికి కాస్త దూరంలోనే యూనివర్సిటీ కాలేజీ. బ్రౌన్ దొర ఉద్యోగ విరమణ తర్వాత లండన్‌లో తెలుగు ప్రొఫెసరుగా ఉన్నది ఆ విశ్వవిద్యాలయంలోనే. ఆయన సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. ఇంకోరోజు వెళ్లాం గానీ, వానలో దారి తప్పి చేరేసరికి గేటు మూసే వేళయింది. డెబ్బై ఎకరాల తోటలో రాయి రాయీ వెతకాలంటే ఒక పూట కావాలి. గేటు దగ్గరే దణ్ణం పెట్టుకుని వచ్చేశాం. వెళ్లే వాళ్లుంటే మధ్యాహ్నం రెండులోపు చేరుకోండి, గొడుగు మరిచిపోకండి.

తిరుగు ప్రయాణంలో విమానం శంషాబాద్‌లో దిగింది. ఇంటికొచ్చే దారిలో కారు బేగంపేట మీదుగా పోతోంది. పాత విమానాశ్రయం దాటుతుంటే మా ఆవిడ 'ఇదేనా?' అంది. రాస్ పనిచేసిన భవనం అక్కడే. ఇప్పుడది ఆయన పేరుతోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి సంస్థ. ముప్పై నాలుగేళ్లలో బస్సులోనో స్కూటరు మీదో ఆ దారిన ఎన్ని వేలసార్లు పోయుంటాను! 1997లో నూరేళ్ల పండగ జరిగినప్పుడు పేపర్లో చదివి, 'అబ్బో, మన ఊరు గొప్పది' అనుకుని పేజీ తిప్పేశాను. లోపల అడుగు పెట్టలేదు. లండన్లో రాస్ పేరు చూసి కేక పెట్టిన పెద్దమనిషిని నేనే.

జులైలో అమరావతి వెళ్లాం. అక్కడి పురావస్తు మ్యూజియంకి శుక్రవారం సెలవు కాబట్టి శనివారం చూసుకున్నాం. స్తూపం ఉన్న చోట పచ్చగడ్డి, గుండ్రంగా ఇటుకల దిమ్మ, అంచున కొన్ని రాతి పలకలు. లండన్ గదిలో గోడ పొడవునా చూసినదంతా ఈ గుండ్రం చుట్టూ ఊహలో నిలబెట్టుకోవాలి. నేను చుట్టూ నడిచాను. మోకాలు సహకరించినంతమేరకు మూడుసార్లు. మా ఆవిడ అమరేశ్వరుడి గుడికి వెళ్లొచ్చి, ఇంకా తిరుగుతున్న నన్ను చూసి, అక్కడే ఒక చెట్టు కింద కూర్చుంది. అద్దాలు లేవు, తేమ లెక్కలు లేవు. చినుకులు పడుతున్నాయి. మ్యూజియంలో స్తూపం నమూనా ఉంది. దాని ముందు నిలబడితే లండన్ పలక మీది బొమ్మ అర్థమైంది. ఆ పలక చూసి ఉన్నాను గనక ఈ నమూనా అర్థమైంది. రెండూ ఒకచోటే ఉంటే ఎంత బాగుండేదో, చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఫొటోలు తీసి మనవడికి పంపాను. వాడి బొమ్మ బళ్లో గోడకి పెట్టారట. మమ్మీలు పద్నాలుగు, స్తూపం ఒకటి.

ఇక బేగంపేట. ఈ ఆగస్టు 20న వెళ్లాలనుకుంటున్నాను. నడక మిత్రుల్లో ముగ్గురు వస్తామన్నారు, నాలుగో ఆయన దోమల నివారణ క్రీము తెస్తానన్నాడు. నిన్న ఫోన్లో మనవడికి ఈ సంగతి చెబితే, వాడికొచ్చిన అనుమానం ఒక్కటే.

'ఇప్పుడు కూడా అక్కడ దోమలున్నాయా తాతయ్యా?'

'సికింద్రాబాద్‌లో వాటికేం లోటురా' అన్నాను. 'కాకపోతే అణా ఇచ్చేవాళ్లే లేరు.'